ఎవరికీ సెప్పకు

ఆ ఉదయం అనూరాధకి ముందు తన మీదే కోపం వచ్చింది.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త ఇవతల, ఒక మేడమెట్ల పక్కన ఆమె ఫోటో స్టూడియో ఉంది. నాన్న అప్పలసూరి పెట్టిన షాపు. ఆయన పోయాక అనూరాధ, భర్త శివాజీ కలిసి నడుపుతున్నారు. కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ తిరిగేది శివాజీ. అతను తెచ్చిన ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, రంగులు సరిచేసి, ఆల్బమ్ పేజీలు పేర్చేది అనూరాధ.

రెండువేల పదహారు, ఆషాఢమాసం. ఆ ఏడు మూఢం ముందే వచ్చి వేసవిలోనే పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. బాకీ పడ్డ ఆల్బమ్‌లు పూర్తి చేసుకోవడానికి అదే సమయం. శివాజీ లారీ ఓనర్ల సంఘం సభకి ఫోటోలు తీయడానికి తెల్లవారుతూనే సాలూరు బస్సెక్కాడు. అనూరాధ షట్టరు ఎత్తి, దేవుడికి అగరొత్తి వెలిగించి, కంప్యూటర్ ఆన్ చేసింది.

ఫోటోల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. ఏ ఫోల్డరు తెరిచినా పిచ్చి అక్షరాలే. ఒక్క ఫోటో తెరుచుకోలేదు. తెర మధ్యలో ఎర్రటి గళ్ళలో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. కూడబలుక్కుని చదివింది. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, డబ్బు కడితే తాళంచెవి ఇస్తాం, ఈ అడ్రసుకి మెయిల్ చేయండి. అంతే.

కాపీలు ఉండాలని కొనుక్కున్న డిస్కు గుర్తొచ్చి ఆశపడింది. అది కూడా కంప్యూటర్‌కే తగిలించి ఉంది. "ఎప్పుడూ పెట్టే ఉంచు, దానంతటదే కాపీ అయిపోతాది" అని బావ చెప్పాడు. అందులోనూ అవే పిచ్చి అక్షరాలు.

బావంటే త్రినాథ్, అక్క ఉష భర్త. పాత బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు ఉంది. ఈ వీధిలో సగం షాపులకి కంప్యూటర్లు అమ్మిందీ, బాగుచేసేదీ అతనే. టెక్కలి నుంచి సాలూరు దాకా కస్టమర్లున్నారు. ఏ కంప్యూటర్ మొరాయించినా అంత దూరం వెళ్ళకుండా, తన షాపులోనే కూర్చుని అందులోకి దూరి సరిచేసేవాడు. అందుకు వీలుగా ప్రతి మిషన్లోనూ ఒక సాఫ్ట్‌వేర్ వేసిపెట్టాడు.

ఫోన్ చేస్తే త్రినాథ్ సగంలోనే ఆపేశాడు.

"ఏదో మెయిల్ నొక్కీసుంటావు. నాను సెప్తానే ఉంటాను, నువ్వినవు. నానొచ్చి ఫార్మాట్ కొట్టీస్తాను. ఈలోగా ఎవరికీ సెప్పకు. ఫోటోలు పోనాయని తెలిస్తే రేపు నీ షాపు గుమ్మం తొక్కేవోడుండడు."

మెయిల్ నొక్కిన మాట నిజమే. ముందురోజు సాయంత్రం విశాఖపట్నంలో ఆల్బమ్ ప్రింటు చేసే ల్యాబ్ పేరుతో వచ్చినదేదో తెరిచింది. అదే అయ్యుంటుంది. ఎన్ని కుటుంబాల ఫోటోలో, ఒక్క వేలితో నాశనం చేశాననుకుంది. 

*

త్రినాథ్ కన్నా ముందు తవిటమ్మ వచ్చింది.

ఆమెది కళింగపట్నం పక్కన ఒక సముద్రపు పల్లె. భర్త గంగులు వేటకి వెళ్ళేవాడు, ఆమె చేపలు అమ్మేది. వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్లో, పెద్ద కూతురి పెళ్ళి చేశారు. ఆ పెళ్ళికి ఫోటోలు తీసింది శివాజీయే.

"అమ్మా, మా పెళ్ళి ఆల్బమ్ ఇంకా అవనేదేటి?"

"ఇంకొంచెం ఉన్నాది పిన్నీ," అంది అనూరాధ తెర కనబడకుండా కుర్చీ జరుపుతూ.

"ఆల్బమ్ తరవాతిచ్చినా పర్లేదు. ముందల మీ బాబాయిది ఒక ఫోటో పెద్దది సేసీ తల్లీ. గోడకి కట్టుకుంటాం."

అప్పుడు చూసింది అనూరాధ, ఆమె నుదురు బోసిగా ఉండడం.

"నీకు తెలవదేటి? సముద్రంల ఏట మళ్ళీ మొదలెట్టినారు కదా. తెప్ప ఒడ్డుకొచ్చీసినాది, ఇంకాస్తుంటే దిగిపోయీవోడు. అల తిరగేసినాది." తవిటమ్మ గొంతులో ఏడుపు లేదు. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలవి. "పెద్దినం కర్మకి ఆధార్ కార్డుల బొమ్మ పెద్దది సేయించినాడు మా మరిది. అది ఆ మనిసిలాగ నేదు. దొంగలాగున్నాడు. మా పిల్ల దాన్ని సూసి, ఇది మా నాన్న కాడని గోడకేసి తిప్పీసినాది."

"ఎవరి సెల్లులోనైనా లేవా పిన్నీ?"

"సెల్లుల్లో అందరూ పెళ్ళికూతుర్నే తీసుకున్నారు. ఆ మనిసి వంటలకాడా నీళ్ళకాడా తిరగడమే సరిపోనాది. మీ ఆయనొక్కడే కన్యాదానం కాడ కూకోబెట్టి తీసినాడు. నాను పక్కనే ఉన్నాను కదా."

అనూరాధ గొంతులోకి నిజం వచ్చింది. ఎవరికీ సెప్పకు అన్న బావ మాట దాని వెనకే వచ్చింది.

"వచ్చేవారం ఇస్తాను పిన్నీ," అంది.

తవిటమ్మ సంచిలోంచి కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపలు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పొట్లం వైపు చూసినకొద్దీ అనూరాధకి తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది.

*

త్రినాథ్ వస్తూనే బల్ల ముందు కూర్చుని, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"లెగు. అరగంటలో కొత్తదాన్లా సేసిస్తాను."

"ఆగు బావా. ఫార్మాట్ కొడితే ఉన్నవి కూడా పోతాయి కదా."

"ఉన్నవేటున్నాయే? సచ్చిపోనాయి. శవాన్ని ఇంట్లో ఎట్టుకుంటావేటి?"

"తెలిసినోళ్ళనెవరినైనా అడిగి చూస్తాను."

"నాకన్నా తెలిసినోడెవడున్నాడు నీకు?"

అతని చేతులు తొందరపడుతున్నాయి. అనూరాధకి ఒక విషయం వింతగా తోచింది. అతను ఆ ఎర్ర గళ్ళలోని రాతని చదవలేదు. ఏమైంది, ఎప్పుడైంది, ఏం రాశాడు అని ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంట్లో దొంగలు పడ్డారంటే పక్కింటివాడైనా తలుపు వైపు చూస్తాడు. ఇతను మాత్రం తెలిసిన దారిలో నడుస్తున్నవాడిలా ఉన్నాడు.

ఆమె వంగి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది.

"ఏటిది?"

"నా షాపు, నా మిషను. దాని మీద సెయ్యెయ్యకు."

"మంచికొచ్చినోడిని," అన్నాడు త్రినాథ్ లేస్తూ. "సదువుకున్నావు కదాని నీకే అన్నీ తెలుసనుకుంటున్నావు. మీ అక్కకి సెప్తాను." వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగాడు. "ఎవరికీ సెప్పకు. నీ మంచికే సెప్తన్నాను."

*

ఆ మధ్యాహ్నం కాలేజీ కుర్రాడొకడు పాస్‌పోర్టు ఫోటోల కోసం వచ్చి కూర్చున్నాడు. షాపులో ఇంకో చిన్న కెమెరా ఉంది కానీ కంప్యూటర్ లేదు. మేడ మీద సోములు రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతాడు. కాసేపు ఆయన కంప్యూటర్ అడుగుదామని పైకి వెళ్ళింది.

సోములు రిపోర్టులు చేత్తో రాస్తున్నాడు. కంప్యూటర్ మీద ముసుగు వేసి ఉంది.

"పాడైందా అన్నయ్యా?"

"కరెంటు ఎక్కువొచ్చి కాలిపోనాది," అన్నాడు తల ఎత్తకుండా.

"ఎప్పుడు?"

"పోయిన వారం."

"బావ చూడలేదా?"

సోములు కలం ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. అనూరాధ మెల్లగా అడిగింది. "ఎర్ర గళ్ళు వచ్చినాయా?"

అతను లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"నీకెవరు సెప్పినారు? త్రినాథ్ సెప్పినాడా? ఎవరికీ సెప్పొద్దని నాకు సెప్పి, తనే సెప్పినాడా?"

"నాకూ వచ్చినాయి అన్నయ్యా. ఇయ్యాలే."

సోములు కుర్చీలో కూలబడ్డాడు. "నాను సూడకూడని బొమ్మలేవో సూసినానట. అందుకే వైరస్సు పట్టుకుందట. మా ఆవిడకి తెలిస్తే ఏటవుతాదో ఆలోసించుకో అన్నాడు. సత్తెపెమాణకంగా సెప్తన్నాను అనూ, నాకు ఆ మిషన్‌లో రిపోర్టు కొట్టడం తప్పితే మరోటి రాదు. ఫార్మాట్ కొట్టీమన్నాను. రోగుల పాత రిపోర్టులన్నీ పోనాయి."

అనూరాధ మెట్లు దిగి రోడ్డు దాటింది. ఎదురుగా విత్తనాలు, ఎరువులు అమ్మే లక్ష్మణమ్మ షాపు. పెద్దావిడ. మాట కరుకు, మనిషి మంచిది. నేరుగా అడిగేసింది.

లక్ష్మణమ్మ గల్లాపెట్టె మూసింది. తర్వాత అంది, "మా మనవడు ఆటలాడి ఎక్కించినాడని సెప్పినాడు మీ బావ. ఆ గుంటడు నాను కాదు మామ్మా, నాను కాదు అంటానే ఉన్నాడు. ఇనకుండా బెల్టట్టుకుని కొట్టినాను. ఈపు మీద ఇంకా ఉన్నాది."

ఒకరికి మెయిల్. ఒకరికి చూడకూడని బొమ్మలు. ఒకరికి మనవడి ఆటలు. ఒకే వీధిలో ముగ్గురూ తమ నోళ్ళు తామే కుట్టుకుని, తప్పు తమదేనని తలలు దించుకుని కూర్చున్నారు. పొద్దుట నుంచి అనూరాధ తన మీద పెట్టుకున్న కోపం అప్పుడు బావ వైపు తిరిగింది.  

*

ఎచ్చెర్ల యూనివర్సిటీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే జగన్నాధం ఆమెకి తెలుసు. ఆయన కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఫోటోలు తీశారు. ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఇంటర్నెట్ వైరు పీకేశారా?" రెండో మాట, "ఫార్మాట్ చెయ్యలేదు కదా?" క్లాసులయ్యాక బండి మీద వచ్చాడు. సోములు, లక్ష్మణమ్మ కూడా స్టూడియోలోకి వచ్చి నిలబడ్డారు.

జగన్నాధం డిస్కుని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి చాలాసేపు చూశాడు.

"అబద్ధం చెప్పనమ్మా. ఈ తాళం నేను తియ్యలేను. ఇప్పటికైతే ఎవరూ తియ్యలేరు."

"డబ్బు కడితే?"

"కట్టాక ఇస్తాడని ఏటి నమ్మకం? ఇచ్చినోళ్ళ దగ్గరకి మళ్ళీ వస్తాడు. వద్దనే చెప్తాను. పోలీసు కంప్లయింటు ఇవ్వండి. ఈ డిస్కు దాచి ఉంచండి, తాళంచెవి ఎప్పటికైనా బయటికి రావచ్చు." ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కెమెరా కార్డులున్నాయా? పెళ్ళి ఫోటోలు తీసినవి?"

"కంప్యూటర్‌లోకి ఎక్కించాక కార్డు చెరిపేస్తాం సార్."

"చెరిపినా, దాని మీద కొత్తవి పడకపోతే పాతవి కొన్ని అడుగున ఉంటాయి. ఆ పెళ్ళిళ్ళ తర్వాత వాడారా?"

అనూరాధ ఆలోచించింది. మూఢం వచ్చాక పెద్ద పనులేవీ లేవు. చిన్నవాటికి ఇంకో కార్డే వాడుతున్నారు. తవిటమ్మ కూతురి పెళ్ళి తీసిన పెద్ద కార్డు కెమెరా సంచి అడుగున పడి ఉంది. ఈ ఉదయం శివాజీ దాన్నే బయటికి తీసి కెమెరాలో వేసుకోవడం చూసింది. సభ పెద్దది, చాలా ఫోటోలు పడతాయన్నాడు.

ఫోన్ మూడోసారికి ఎత్తాడు శివాజీ. వెనకనుంచి మైకు మోత, చప్పట్లు.

"ఏటే? సన్మానాలవుతున్నాయి."

"తియ్యకండి. ఇంక ఒక్క ఫోటో కూడా తియ్యకండి. కెమెరా ఆపి కార్డు బయటికి తీసీండి."

"పిచ్చెక్కిందా నీకు? ప్రెసిడెంటుకి దండేస్తన్నారు."

"గంగులు బాబాయి చచ్చిపోయాడు," అంది అనూరాధ. "మిషన్‌లో ఫోటోలన్నీ పోయాయి. ఆయన ఆ కార్డులోనే ఉన్నాడు."

మైకు మోత దూరమైంది, అతను బయటికి నడిచినట్టున్నాడు. తర్వాత శివాజీ గొంతు నెమ్మదిగా వచ్చింది. "తీసీసినాను. సాలూరు స్టూడియోలో కార్డు అరువడుగుతాను."

ఈలోగా జగన్నాధం డిస్కులో ఇంకేదో వెతుకుతున్నాడు.

"మీరు చెప్పిన మెయిల్ చూశానమ్మా. అది నిజంగా ల్యాబ్ వాళ్ళు పంపిందే. దాంట్లో తప్పేం లేదు. వచ్చినవాడు వేరే దారిన వచ్చాడు. దూరం నుంచి మిషన్లోకి దూరే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాంట్లోంచి వచ్చాడు. తలుపు బద్దలు కొట్టలేదు. తాళంచెవితో తీసుకుని దర్జాగా నడిచొచ్చాడు. లాగిన్ అయిన పేరు త్రినాథ్ అనుంది. మీ పాస్‌వర్డ్ ఏటి?"

"ఉష, పక్కన ఒకటి రెండు మూడు. బావ పెట్టిందే."

సోములు ఆమె వైపు చూశాడు. "మాదీ అదే."

"మా కంప్యూటర్ టీవీ పక్కన స్కెచ్చుపెన్నుతో రాసి అంటించినాడు," అంది లక్ష్మణమ్మ. "అదే."

జగన్నాధం ల్యాప్‌టాప్ మూశాడు. "వీధికంతటికీ ఒకే తాళం. వాడికి ఒక చెవి దొరికితే చాలు. అది మొదట ఎక్కడ దొరికిందో ఆయన్నే అడగాలి."

*

నలుగురూ పాత బస్టాండు దగ్గరికి వెళ్ళేసరికి త్రినాథ్ టీ తాగుతున్నాడు. ముందు నవ్వాడు. వెనకనున్న సోములునీ లక్ష్మణమ్మనీ చూశాక నవ్వు ఆగిపోయింది.

"బావా, ఇది నా మెయిల్ వల్ల కాదు," అంది అనూరాధ. "సోములన్నయ్య బొమ్మలు చూడలేదు. ఈవిడ మనవడు ఆటలాడలేదు. నీ పేరుతో, నువ్వు పెట్టిన పాస్‌వర్డుతో వచ్చారు. ఎలా వచ్చారు?"

"ఎవడో సెప్పినాడని..."

"ఎలా వచ్చారు?"

"నాకేటి తెలుసు? నాను మాత్రం బాధపడనేదా? నాకూ పోనాయి. నా మిషన్‌లో ఉన్నవన్నీ పోనాయి."

నలుగురూ అతని వైపు తిరిగారు. అతనికీ అప్పుడే తెలిసింది, నోరు జారానని.

"ఎప్పుడు పోయాయి?" అన్నాడు జగన్నాధం.

త్రినాథ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"సోములన్నయ్యకి ముందా, తరవాతా?" అంది అనూరాధ.

"ముందే," అన్నాడు చివరికి. "వైరస్సనుకున్నాను. ఫార్మాట్ కొట్టీసినాను. మీ అందరి వివరాలూ దాంట్లోనే ఉండీవి. వాడు తీసుకుపోతాడని నానేటి కలగన్నానా?"

"కలగనలేదు సరే. సోములన్నయ్యకి వచ్చినప్పుడు తెలిసింది కదా. లక్ష్మణమ్మ మామ్మకి వచ్చినప్పుడు తెలిసింది కదా. వరసగా వస్తున్నాడని తెలిసింది కదా. ఒక్క ఫోన్. అనూ, వైరు పీకీ అని ఒక్క ముక్క. నా పెళ్ళి ఫోటోలన్నీ బతికేవి."

"సెప్తే నా యాపారం ఉంటాదేటి? నా పరువేటవుతాది?"

"నా మనవడి ఈపు మీదున్నాది సూసుకో నీ పరువు," అంది లక్ష్మణమ్మ.

అనూరాధ అరవలేదు.  "నీకు దొంగతనం జరగడం తప్పు కాదు. ఎవరికైనా జరుగుతాది. అందరికీ ఒకే తాళం వెయ్యడం నీ బద్ధకం. దాన్నీ క్షమిద్దుము. కానీ నువ్వు మా ఇళ్ళకొచ్చి, మా కళ్ళలోకి చూసి, తప్పు మీదే అన్నావు. సిగ్గుపడండి, ఎవరికీ సెప్పకండి అన్నావు. అప్పుడు నీకు మేం కస్టమర్లం కాదు, చుట్టాలం కాదు. నీ తప్పు కప్పుకోడానికి గుడ్డలం."

త్రినాథ్ ఏదో అనబోయాడు. ఆమె బల్ల మీదున్న అతని సెల్లు తీసి అతని చేతిలో పెట్టింది.

"టెక్కలి నుంచి సాలూరు దాకా ఎంతమందికి ఆ సాఫ్ట్‌వేర్ వేశావో వాళ్ళందరికీ ఫోన్ చెయ్యి. ఇప్పుడు. మా ముందు."

"మతుండే మాటాడుతున్నావేటి?"

"చెయ్యకపోతే నేను చేస్తాను. నేను చేస్తే ఇంకోలా చెప్తాను."

అతను చేశాడు. మొదట రాజాంలో ఒక ఫ్యాన్సీ షాపు. అప్‌డేట్ ఏదో ఉన్నాదంటూ మొదలుపెట్టబోతే అనూరాధ అడ్డుపడింది. "దొంగ పడ్డాడని చెప్పు. నీ తాళంచెవితోనే వస్తున్నాడని చెప్పు." చెప్పాడు. జగన్నాధం పక్కన నిలబడి, ఏం చెయ్యాలో ఒక్కొక్కటే అందించాడు. ముందు ఇంటర్నెట్ వైరు తియ్యాలి. కాపీల డిస్కు తగిలించి ఉంటే పీకి బీరువాలో పెట్టాలి. ఆ సాఫ్ట్‌వేర్ తీసేసేదాకా, పాస్‌వర్డు మార్చేదాకా వైరు పెట్టకూడదు. కొత్త పాస్‌వర్డు ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి, త్రినాథ్‌కి చెప్పకూడదు.

ఆ ఆఖరి మాట త్రినాథ్ చేతే చెప్పించింది అనూరాధ.

ఫోన్లోంచి తిట్లు బయటికి వినబడుతూనే ఉన్నాయి. టెక్కలిలో జిరాక్సు షాపాయన అమ్మనీ ఆలినీ కలిపి తిట్టాడు. పాలకొండలో ఒకాయన మాత్రం, మాకూ పోయింది, నీకు ఫోన్ చెయ్యడానికి సిగ్గేసి ఊరుకున్నాం అన్నాడు. సాలూరులో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్ళు వెంటనే వైరు తీశారు. మర్నాడు తమ కుర్రాడి చేత చూపిస్తే, ముందురోజు రాత్రే ఎవరో లోపలికి వచ్చి తిరిగి వెళ్ళినట్టు గుర్తులున్నాయి. తాళం మాత్రం ఇంకా వెయ్యలేదు. లారీల లెక్కలన్నీ దక్కాయి.

చీకటి పడుతుండగా త్రినాథ్ ఫోన్ కింద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అనూరాధకి జాలి కలగలేదు. కలుగుతుందేమోనని చూసుకుంది కూడా. కలగలేదు.

*

శివాజీ తెచ్చిన కార్డుని మర్నాడు ఎచ్చెర్లలో జగన్నాధం దగ్గర పెట్టారు. సాయంత్రానికి కొన్ని ఫోటోలు బయటపడ్డాయి. చాలావాటి చోట లారీ ఓనర్లు ఒకరికొకరు దండలు వేసుకుంటున్నారు. కొన్ని సగమే వచ్చాయి. పైన పెళ్ళి పందిరి, కింద బూడిద రంగు. అనూరాధ ఒక్కొక్కటీ తిప్పుతూ వెళ్ళింది. కన్యాదానం ఫోటో లేదు. ఎంత వెతికినా లేదు.

ఒక్కచోట గంగులు ఉన్నాడు. వంటల దగ్గర, డేగిసా పక్కన, భుజం మీద తడి తువ్వాలుతో. ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టున్నాడు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఏదో చెబుతున్నాడు, చిరాగ్గానో సరదాగానో తెలియదు. శివాజీ దాన్ని ఆల్బమ్‌కి పనికిరాదని పక్కన పెట్టేసేవాడే.

అనూరాధ దాన్ని పెద్దది చేయించి, చట్రం కట్టించి, తనే పల్లెకి తీసుకెళ్ళింది. ఇసకలో తెప్పలు వరసగా పెట్టి ఉన్నాయి. తవిటమ్మ గుమ్మంలో కూర్చుని వల చిక్కులు తీస్తోంది. చేతులు చీరకి తుడుచుకుని ఫోటో అందుకుంది.

చాలాసేపు చూసింది.

"ఉప్పు సాల్లేదని తగువాడుతున్నాడు వంటోడితోటి," అంది. "నాకు గురుతున్నాది." తర్వాత తల ఎత్తింది. "కన్యాదానం కాడది?"

"పోయింది పిన్నీ. అన్నీ పోయాయి. ఇదొక్కటే దొరికింది." అనూరాధ జరిగింది జరిగినట్టు చెప్పింది. "నువ్వు వచ్చిన రోజు పొద్దుటే పోయాయి. నీకు చెప్పలేదు."

తవిటమ్మ ముఖం మారింది.

"వచ్చేవారం ఇస్తానన్నావు కదే. అప్పటికే నేవా?"

"లేవు."

"మా పిల్ల అత్తోరింట్లో రోజూ అడుగుతాది, నాన్న ఫోటో వచ్చిందా అని. వస్తాది, వస్తాది అని నాను సెప్పుకుంటన్నాను. ఇద్దరం ఆశెట్టుక్కూకున్నాం." ఆమె గొంతు పెరగలేదు. "సముద్రమైతే సెప్పదు. నువ్వు మనిసివి కదా. సెప్పాల."

 ఈ మాటే త్రినాథ్‌కి తను నాలుగు రకాలుగా చెప్పి వచ్చింది. ఇప్పుడు తన చెవిలో పడితే తెలిసింది, ఎంత మంటో.

"ఎల్లు," అంది తవిటమ్మ ఫోటో గుండెకి ఆనించుకుని లేస్తూ. "ఇంకే ఫోటోలైనా దొరికితే పంపు. నేకపోతే నేవని పంపు."

*

పోలీస్ స్టేషన్లో రైటర్ కంప్లయింటు రెండుసార్లు చదివాడు. "దొంగెవడో తెలవదు, ఏ దేశంలో ఉన్నాడో తెలవదు, ఎవడి మీద రాయమంటావమ్మా?" అన్నాడు. తెలియనివాడి మీదే రాయమంది అనూరాధ. తాళంచెవి ఎక్కడినుంచి పోయిందో కూడా రాయమంది. త్రినాథ్ పేరు చెప్పింది. సోములు, లక్ష్మణమ్మ పక్కన సంతకాలు పెట్టారు. ముగ్గురు రాకపోయుంటే తీసుకునేవాళ్ళు కాదేమో.

రెండు రోజులకి ఉష వచ్చింది. షాపులో కస్టమర్లున్నా చూడలేదు.

"సొంత బావ పేరు స్టేషన్లో రాయించినావంట."

"రాయించాను."

"దొంగని ఒగ్గీసి, మా ఇంటి మనిసిని పట్టుకున్నావు. నీ పెళ్ళికి మండపమేసినోడు. నాన్న పోతే పాడె మోసినోడు."

"అవన్నీ చేశాడు. కాదన్లేదు. ఇదీ చేశాడు."

"ఏదో భయపడినాడు. మనిసి కదా. ఇంటికొచ్చి రెండు తిట్టుంటే పోనా?"

"అక్కా, నన్ను మోసం చేసుంటే ఇంటికొచ్చి తిట్టేదాన్ని. పాలకొండలో ఒకాయన సిగ్గుతో నోరు మూసుక్కూచున్నాడు. ఆయన మీ ఇంటికొచ్చి తిట్టగలడా?"

ఉష కళ్ళు తుడుచుకుంది. "షాపుకి ఎవరూ రావట్లేదు. అన్నం తినట్లేదు ఆయన."

అనూరాధ చేతిలో ఎవరివో పాస్‌పోర్టు ఫోటోలున్నాయి. కత్తెర ఆగింది. అక్క భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేస్తే, కేసు వెనక్కి తీసుకుంటానని నోరు అనేస్తుందని భయపడింది.

"నువ్వు మా ఇంటికి ఎప్పుడైనా రా," అంది. "బావని మాత్రం నా మిషన్ ముట్టుకోనివ్వను. కంప్లయింటు తియ్యను."

ఉష మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కేసు ఏమీ తేలలేదు. రైటర్ మారాడు, కాగితం ఎక్కడో ఉంది. స్టూడియోలో ఇప్పుడు రెండు డిస్కులున్నాయి. ఒకటి షాపులో ఉంటే రెండోది ఇంట్లో బీరువాలో ఉంటుంది, రెండూ ఒకేసారి మిషన్‌కి తగలవు. ఆల్బమ్ చేతికిచ్చేదాకా కెమెరా కార్డు చెరపరు. శివాజీ విసుక్కుంటాడు, కార్డులెక్కడివని. అయినా చెరపడు.

ఆ వేసవి పెళ్ళిళ్ళవాళ్ళలో ఒక్కొక్కరి ఇంటికీ అనూరాధ వెళ్ళి పోయినమాట చెప్పింది. కొందరు తిట్టారు. ఒక పెళ్ళికొడుకు తండ్రి కుర్చీ వెయ్యలేదు. ఒకామె ఏడ్చింది. ఎవరి దగ్గరా ఆమె బావ పేరు చెప్పి తప్పించుకోలేదు, అలాగని దాచనూ లేదు. అడిగితే చెప్పింది.

రథసప్తమికి అరసవల్లిలో క్యూలో ఉష కనబడింది. ఉష కూతురు పరుగెత్తుకొచ్చి పిన్నీ అని చెయ్యి పట్టుకుంది. ఉష అటు తిరిగి నిలబడింది. పక్కన త్రినాథ్, చిక్కిపోయి ఉన్నాడు. ఇప్పుడు ప్రతి షాపుకీ వేరే పాస్‌వర్డు పెడుతున్నాడని ఎవరో చెప్పారు. మంచిదే అనుకుంది అనూరాధ. లైను కదిలింది. పిల్ల చేతిని మెల్లగా వదిలించి, మీ అమ్మ దగ్గరికి వెళ్ళమ్మా అంది. కోపం ఉంది ఇంకా. అక్క మీద బెంగ కూడా అంతే ఉంది. ఒకదాని వల్ల ఇంకోటి తగ్గలేదు.